చదవడం రాని డిస్కును ఖాళీ డిస్కు అనకండి: ఆపరేటింగ్ సిస్టమ్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారుచేసే సంస్థల్లో ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) విభాగాలు చూస్తున్న ఇంజనీర్లకు, వారి పై అధికారులకు, ముఖ్యంగా ఆ సంస్థల్లో పనిచేస్తున్న మన తెలుగువారికి,

నమస్కారం.

నేను రాజమండ్రిలో కంప్యూటర్ సర్వీస్ షాపు నడుపుతాను. రిపేర్లతో పాటు, పోయిన డేటా తీసివ్వడం కూడా నా పని. ఇక్కడ రాస్తున్న విషయాన్ని ఇంతకుముందే ఫీడ్‌బ్యాక్ పేజీల్లో రాశాను, కస్టమర్ కేర్‌కు మెయిల్స్ పెట్టాను. "మీ సూచనకు ధన్యవాదాలు" అని మెషీన్ పంపే జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. ఒకచోట మాత్రం మనిషే ఫోన్లో మాట్లాడారు. అంతా విని, "డిస్కు ఫార్మాట్ చేసుకుని వాడండి సార్" అన్నారు. నేను వద్దని మొత్తుకుంటున్నదే అది. ఇక లాభం లేదని అందరి ముందూ పెడుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ 1998 నుంచి హైదరాబాద్‌లో ఉంది, ఇలాంటి సంస్థలు అన్నింటిలోనూ మనవాళ్లు ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నల కంప్యూటర్లు పాడైతే వచ్చేది నాలాంటివాళ్ల షాపులకే.

విషయం ఒక్క ముక్కలో చెబుతాను. కొత్త వెర్షన్‌లో తయారైన డిస్కును పాత వెర్షన్ చదవలేకపోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. టెక్నాలజీ మారుతుంది, మారాలి కూడా. కానీ చదవలేనప్పుడు "దీన్ని చదవడం నాకు రాదు" అని చెప్పకుండా, "ఇది ఫార్మాట్ కాలేదు, ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతున్నారు. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి జనం చేజేతులా తమ డేటా పోగొట్టుకుంటున్నారు.

మా ఊళ్లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో జరిగింది చెబుతాను. ఒక రిటైర్డ్ మాస్టారు తన తల్లిదండ్రుల పేరిట స్మారక సంచిక వేయించుకుంటున్నారు. పాత ఫొటోలన్నీ స్కాన్ చేయించారు. బంధువుల దగ్గర వ్యాసాలు సేకరించారు. అంతా ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఒక పెద్ద వీడియో అందులో పట్టడం లేదని, మనవడు తన కొత్త లాప్‌టాప్‌లో ఆ పెన్‌డ్రైవ్‌ను ముందుగా ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త ఫైల్ సిస్టమ్‌లోకి మార్చి, తర్వాత అన్నీ ఎక్కించి ఇచ్చాడు. ప్రెస్‌లోది పాత కంప్యూటర్. పెట్టగానే తెర మీద చిన్న పెట్టె వచ్చింది, ఫార్మాట్ చేయాలా అని. ఆపరేటర్ అమ్మాయి అడిగింది: "సార్, ఇది కొత్త పెన్‌డ్రైవా? ఫార్మాట్ చేయమంటోంది." ఆయన "కొత్తదేనమ్మా, మొన్ననే కొన్నాం" అన్నారు. అమ్మాయి అవును నొక్కింది. తీరా చూస్తే పెన్‌డ్రైవ్ ఖాళీ. కాపీ సరిగ్గా కాలేదేమో అనుకుని మాస్టారు ఇంటికెళ్లి, ఇంట్లో ఉన్న కొన్ని ఫైళ్లు మళ్లీ దాని మీదే ఎక్కించారు.

ఆయన చెప్పింది నిజమే, అది కొత్త పెన్‌డ్రైవే. ఆ అమ్మాయి అడగాల్సింది అడిగింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, ఇద్దరూ నమ్మింది కంప్యూటర్ మాటను. నా దగ్గరకు వచ్చేసరికి ఫొటోలు చాలావరకు తీయగలిగాను. కానీ ఏ ఫొటోలో ఎవరున్నారో, ఏ ఏడాది తీసిందో ఆయన ఫైల్ పేర్లలోనే రాసుకున్నారు. ఆ పేర్లు రాలేదు. ఒకటి, రెండు, మూడు అని వట్టి నంబర్లతో ఫొటోలు వచ్చాయి. వాటిలో ఉన్నవాళ్లను చూసి గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్లు ఆ ఇంట్లో ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.

ఇక మీ పని గురించి మీకే చెప్పాల్సి వస్తోంది, క్షమించాలి. ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మొదటి సెక్టర్‌లో, అంటే డిస్కు మొదట్లోని చిన్న ముక్కలో, మొదటి మూడు బైట్లు వదిలేస్తే, తర్వాతి ఎనిమిది బైట్లలో దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటుంది. విండోస్ వాడే ఇంకో ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు కూడా అక్కడే ఉంటుంది. యాపిల్ వారి ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్‌ఎస్‌లో మొదటి బ్లాకు మొదలైన 32 బైట్ల తర్వాత నాలుగు అక్షరాల గుర్తు ఉంటుంది. పాత సిస్టమ్‌లు పొరపాటున ఎక్స్‌ఫ్యాట్ డిస్కును ఫ్యాట్ డిస్కు అనుకుని తెరవకుండా, పేరు తర్వాత 53 బైట్లు సున్నాలుగా ఉంచాలని మీ స్పెసిఫికేషన్‌లోనే రాసుకున్నారు. అంటే పాత వెర్షన్ ఈ డిస్కును చూస్తుందని, తికమక పడుతుందని మీకు ముందే తెలుసు. తప్పుగా తెరవకుండా జాగ్రత్త పడ్డారు, సంతోషం. తెరవలేకపోయిన తర్వాత అది మనిషితో ఏం మాట్లాడుతుందన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. తాళంచెవి మన దగ్గర లేనంత మాత్రాన ఎదురుగా ఉన్న ఇంటిని ఖాళీ స్థలం అనం కదా.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఎక్స్‌ఫ్యాట్‌కు ముందున్న ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఆ ఇబ్బంది పోవడానికి మైక్రోసాఫ్ట్ 2006లో ఎక్స్‌ఫ్యాట్ తెచ్చింది. మామూలు కంప్యూటర్లకు అది 2008లో, విండోస్ విస్టా సర్వీస్ ప్యాక్ 1 (అప్‌డేట్లన్నీ కలిపిన మూట)తో వచ్చింది. అంతకన్నా పాతదైన విండోస్ ఎక్స్‌పీకి 2009లో విడిగా ఒక అప్‌డేట్ ఇచ్చారు. కానీ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 అంతకుముందే, 2008లోనే వచ్చేసింది. అందుకే ఆ సీడీతో ఎక్స్‌పీ మళ్లీ వేసిన ప్రతి కంప్యూటర్‌కూ, ఆ అప్‌డేట్ విడిగా వెతికి వేస్తే తప్ప, ఎక్స్‌ఫ్యాట్ రాదు. అదే 2009లో, 32 జీబీ దాటిన కెమెరా కార్డులకు ఎక్స్‌ఫ్యాట్‌నే ప్రమాణంగా పెట్టారు. కార్డులు ఒక దారిన పోయాయి, కంప్యూటర్లు ఒక దారిన ఉండిపోయాయి. పోనీ పెద్ద పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో పెట్టుకుందామంటే, విండోస్ ఫార్మాట్ టూల్ 32 జీబీ దాటితే ఒప్పుకోదు. వేరే టూల్‌తో చేసిస్తే మాత్రం అదే విండోస్ శుభ్రంగా చదువుతుంది! అంటే ఆ హద్దు చదవడానికి కాదు, తయారుచేయడానికే. 2024 ఆగస్టులో టెస్టింగ్ బిల్డ్‌లో, అది కూడా కమాండ్ లైన్‌లో మాత్రమే, ఆ హద్దును 2 టీబీకి పెంచారు. ఇన్నేళ్లు పట్టింది.

యాపిల్‌ది ఇంకో తీరు. 2017 సెప్టెంబర్‌లో మ్యాక్ కొత్త వెర్షన్ హై సియెర్రా వచ్చినప్పుడు, ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో పనిచేసే డిస్కు) ఉన్న మ్యాక్‌లను అప్‌గ్రేడ్ చేస్తే లోపలి డిస్కు దానంతట అదే ఏపీఎఫ్‌ఎస్‌కు మారిపోయింది. వద్దనే వీలు లేదు. మరుసటి ఏడాది మొహావేతో మామూలు హార్డ్ డిస్కులకూ అదే వర్తించింది. ఎల్ కాపిటాన్, అంతకన్నా పాత వెర్షన్‌లు ఏపీఎఫ్‌ఎస్‌ను అసలు చదవలేవు. అలాంటి పాత మ్యాక్‌కు ఆ డిస్కు తగిలిస్తే "ఈ కంప్యూటర్ ఈ డిస్కును చదవలేదు" అంటుంది. ఈ మాట నిజమే, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ మాట పక్కనే డిస్కును కొత్తగా సిద్ధం చేసే బటన్ పెట్టారు. కంగారులో ఉన్నవాళ్లు చూసేది బటన్లనే.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. డీటీపీ సెంటర్లు, చిన్న ప్రెస్‌లు. మన దగ్గర పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పత్రికలు, సొంతంగా వేసుకునే కథల పుస్తకాలు చాలావరకు ఇప్పటికీ పేజీలు దిద్దే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతోనే తయారవుతాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర ప్రమాణం) కాని ఆ ఫాంట్లలో ఏళ్ల తరబడి చేసిన పేజీలు బీరువాల నిండా ఉన్నాయి. ఎప్పుడు ఎవరు వచ్చి "పోయినసారి కార్డే, పేర్లు మార్చండి" అంటారో తెలియదు. అందుకే ఎక్స్‌పీ, విండోస్ 7 కంప్యూటర్లను వాళ్లు వదలరు. "అప్‌గ్రేడ్ అవ్వొచ్చు కదా" అనేవాళ్లు ఒక్కరోజు వచ్చి ఆ ఆపరేటర్ పక్కన కూర్చోండి. ఆ సిస్టమ్ మారిస్తే ఆమె నేర్చుకున్న కీబోర్డ్ లేఅవుట్ నుంచి పాత ఫైళ్ల దాకా అన్నీ కదిలిపోతాయి. పైగా మ్యాటర్ తెచ్చేవాళ్ల పెన్‌డ్రైవ్‌లు ఎప్పటికప్పుడు కొత్తవే, వాళ్ల లాప్‌టాప్‌లూ కొత్తవే. రోజూ ఈ రెండూ ఢీకొనే చోటు ఆ టేబులే.

2. ఫొటోగ్రాఫర్లు, వీడియోగ్రాఫర్లు. పెళ్లి తీసొచ్చిన 64 జీబీ, 128 జీబీ కార్డులన్నీ ఎక్స్‌ఫ్యాట్. ఆల్బమ్ డిజైన్ చేసే షాపులో కంప్యూటర్ పాతదైతే ఫార్మాట్ ప్రశ్న రానే వస్తుంది. పెళ్లి మళ్లీ జరగదు. వీడియో ఫైళ్లు కార్డులో ముక్కలు ముక్కలుగా ఉంటే, ఫార్మాట్ తర్వాత మేం తీసినా చాలావాటిలో బొమ్మ సగంలో ఆగిపోతుంది. తలంబ్రాలు వచ్చాయి, మాంగల్యధారణ రాలేదు అని కస్టమర్‌తో చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మాకు తెలుసు.

3. పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లు. పిల్లలు కొత్త మ్యాక్ కొనుక్కుని పాతది ఇంట్లో ఇచ్చి వెళ్తారు. తర్వాత ఎప్పుడో మనవళ్ల ఫొటోలు, వీడియోలు హార్డ్ డిస్క్‌లో నింపి ఎవరితోనో పంపుతారు. ఆ డిస్కు కొత్త మ్యాక్‌లో ఫార్మాట్ అయి ఉంటుంది. పంపినవాళ్లకు అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ పెద్దాయనకు తెర మీద ఇంగ్లీషులో మూడు బటన్లు. ఏది నొక్కాలో ఫోన్ చేసి అడగాలంటే పిల్లల నిద్ర పాడవుతుందని మొహమాటం.

4. చిన్న ఆఫీసులు, ఆసుపత్రులు, స్కూళ్లు. ఇక్కడ ఇంకో చిక్కుంది, చాలామందికి తెలియనిది. రీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను విండోస్ సర్వర్ 2012తో తెచ్చారు. దానికి లోలోపల వెర్షన్‌లు మారుతూ వచ్చాయి. పాత సర్వర్‌లో తయారైన రీఎఫ్‌ఎస్ డిస్కును కొత్త విండోస్‌కు తగిలిస్తే, అడగకుండానే ఆ డిస్కు కొత్త వెర్షన్‌కు మారిపోతుంది. మళ్లీ పాత సర్వర్‌కు పెడితే తెరుచుకోదు. ఒక్కసారి చూసి తీసేద్దామని తగిలించినా అంతే. దాన్ని ఆపే రిజిస్ట్రీ సెట్టింగ్ ఒకటుంది కానీ, అది తెలిసిన అకౌంటెంట్ ఎక్కడున్నాడు? ఈ అలవాటు కొత్తది కూడా కాదు. విండోస్ ఎన్‌టీ 4.0లో తయారైన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును విండోస్ 2000 కూడా ఇలాగే చూడగానే కొత్త వెర్షన్‌కు మార్చేసేది. అయితే అప్పుడు కొంత ముందుచూపు ఉంది. ఎన్‌టీ 4.0 వాళ్లకు సర్వీస్ ప్యాక్ 4 ద్వారా కొత్త డిస్కులు తెరిచే వీలు ముందే ఇచ్చారు. ఇప్పుడు ఆ పాటి శ్రద్ధ కూడా కనిపించడం లేదు.

5. డేటా తీయించుకునే ఖర్చు. ఎక్స్‌పీ రోజుల్లో పూర్తి ఫార్మాట్ చేసినా డిస్కులో డేటా చాలావరకు అలాగే ఉండేది. విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ అంటే డిస్కంతా సున్నాలు రాస్తుంది. ఎస్ఎస్‌డీ అయితే పైపైన చేసే క్విక్ ఫార్మాట్ చేసినా, ఆ బ్లాకులన్నీ ఇక అక్కర్లేదని సిస్టమ్ దానికి చెప్పేస్తుంది, ఆ తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదు. అంటే తప్పు బటన్ అలాగే ఉంది, దాని దెబ్బ మాత్రం వెర్షన్ వెర్షన్‌కూ పెరుగుతోంది.

"పాత వెర్షన్‌లకు సపోర్ట్ ముగిసింది, వాటిని ఇప్పుడెలా మారుస్తాం" అని మీరు అనొచ్చు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న ముగిసింది, ఒప్పుకుంటాను. ఇవాళ ఎక్స్‌పీలో ఆ పెట్టెను మార్చమని నేను అడగడం లేదు. ఇవాళ మీరు అమ్ముతున్న వెర్షన్ గురించే అడుగుతున్నాను. విండోస్ 11లో కూడా తనకు తెలియని ఫైల్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెడితే "ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అనే మాటే చాలాసార్లు వస్తోంది. రేపు మీరు ఇంకో కొత్త ఫైల్ సిస్టమ్ తెస్తారు. అప్పటికి విండోస్ 11 పాతదవుతుంది. ఇదే ప్రెస్‌లో, ఇదే టేబుల్ మీద, ఇదే ప్రశ్న అడుగుతుంది. విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేక విండోస్ 11కు వెళ్లలేని కంప్యూటర్లు బాగానే నడుస్తున్నాయి, వాటిని జనం పారేయరు. ఇంకో పదేళ్లు రెండు మూడు వెర్షన్‌లు పక్కపక్కనే ఉంటాయి. ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు, ఇన్నాళ్లూ జరిగిందే ఇది.

ఇదేదో చేయలేని పని కాదనడానికి సాక్ష్యం మీ దగ్గరే ఉంది. ఈ భాగం దయచేసి శ్రద్ధగా చదవండి.

1998లో మ్యాక్ ఓఎస్ 8.1తో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ వచ్చినప్పుడు, కొత్త డిస్కు చుట్టూ పాత పద్ధతిలో ఒక చిన్న తొడుగు పెట్టారు. పాత మ్యాక్‌లో ఆ డిస్కు పెడితే ఒకే ఒక్క ఫైలు కనిపించేది. దాని పేరు "నా ఫైళ్లన్నీ ఎక్కడికి పోయాయి?" అనే అర్థంలో ఉండేది. తెరిచి చదివితే, మీ ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, వాటిని చూడాలంటే కొత్త వెర్షన్ కావాలి అన్న సంగతి తెలిసేది. ఎవరో ఒక ఇంజనీరు ఆ రోజు అవతలి మనిషి కంగారును ఊహించి ఆ ఫైలు పెట్టారు. వారెవరో నాకు తెలియదు, కానీ వారికి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ తొడుగు తయారుచేయడం పెద్ద ఖర్చేమీ కాదు. ఫైల్ సిస్టమ్ డిజైన్ చేస్తున్నప్పుడే, దీన్ని చదవలేని కంప్యూటర్ ముందు కూడా ఒక మనిషి కూర్చుంటాడని గుర్తుంచుకుంటే చాలు.

2 టీబీ దాటిన డిస్కులకు జీపీటీ అనే, డిస్కును భాగాలు చేసే కొత్త పద్ధతి వచ్చినప్పుడు, పాత సిస్టమ్‌లు వాటిని ఖాళీ అనుకోకుండా మొదటి సెక్టర్‌లో ఒక రక్షణ ఎంట్రీ పెట్టారు. 32 బిట్ ఎక్స్‌పీ ఆ డిస్కును చదవలేదు కానీ, అది వాడకంలో ఉందని గుర్తిస్తుంది. విండోస్ 7లో బిట్‌లాకర్‌తో పెన్‌డ్రైవ్‌కు తాళం వేస్తే, ఫ్యాట్‌లో ఉన్న డ్రైవ్‌లను ఎక్స్‌పీ, విస్టాలలో తెరిచి చదువుకోవడానికి ఒక చిన్న రీడర్ ప్రోగ్రామ్‌ను ఆ పెన్‌డ్రైవ్‌లోనే పెట్టి ఇచ్చారు. మార్చడానికి వీల్లేదు, చదవడానికి మాత్రమే. అదే కదా జనానికి కావలసింది! 2015 నవంబర్‌లో విండోస్ 10 బిట్‌లాకర్‌కు కొత్త ఎన్‌క్రిప్షన్ పద్ధతి వచ్చినప్పుడు, "ఈ డ్రైవ్ ఈ కంప్యూటర్‌లోనే ఉంటుందా, వేరే వాటికి కూడా తగిలిస్తారా" అని తేడా చెప్పి, రెండోదానికి పాత వెర్షన్‌లకు నప్పే పద్ధతిని ఎంచుకునే వీలిచ్చారు. ఇటీవలి మ్యాక్‌లలో, ఇంకా కొత్త వెర్షన్‌లో తయారైన ఏపీఎఫ్‌ఎస్ డిస్కు పెడితే "ఈ వెర్షన్‌కు తెలియని ఫీచర్లు ఇందులో ఉన్నాయి" అని చెబుతున్నారు. నేను అడిగే వాక్యం దాదాపు అదే.

లినక్స్ వాళ్ల పద్ధతి కూడా చూడండి. వారి ఫైల్ సిస్టమ్‌లు ఎక్స్‌ట్2 నుంచి ఎక్స్‌ట్4 దాకా డిస్కు మీదే ఫీచర్లను మూడు జాబితాలుగా రాస్తారు. మొదటి జాబితాలోవి పాత కెర్నల్‌కు (లినక్స్ అసలు భాగానికి) తెలియకపోయినా ఫర్వాలేదు, డిస్కును మామూలుగా వాడొచ్చు. రెండో జాబితాలోవి తెలియకపోతే చదవొచ్చు కానీ రాయకూడదు. మూడో జాబితాలోది ఒక్కటి తెలియకపోయినా అసలు తెరవకూడదు. ఎంత మర్యాదగా ఉందో చూడండి. "నాకు ఎంతవరకు తెలుసు" అన్న ప్రశ్నకు కంప్యూటర్ దగ్గర నిజమైన జవాబు ఉంది. వాళ్ల దగ్గరా ఇబ్బందులు లేకపోలేదు. 2023లో కొత్త ఫీచర్లను డిఫాల్ట్‌గా పెట్టినప్పుడు పాత లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలోని (లినక్స్ రకాల్లోని) డిస్క్ చెకింగ్ టూల్స్ వాటిని తాకడానికి ఒప్పుకోలేదు. జనం విసుక్కున్నారు. కానీ విసుగు వేరు, డేటా పోవడం వేరు.

కాబట్టి మేం కోరుతున్నవి ఇవి.

1. "ఫార్మాట్ చేయాలి" అనే పెట్టెను మార్చండి. డిస్కు మొదటి సెక్టర్లలో ఏ కొంచెం సమాచారం ఉన్నా, అది మీకు అర్థం కాకపోయినా, ఫార్మాట్ ప్రస్తావన తేవద్దు. "ఈ డిస్కులో డేటా ఉండొచ్చు. ఈ వెర్షన్ దీన్ని చదవలేదు. తయారైన కంప్యూటర్‌లో తెరిచి చూడండి" అని చెప్పండి. పేరు గుర్తుపట్టగలిగితే ఆ పేరూ చెప్పండి. బటన్ ఒక్కటే ఉండాలి, మూసివేయడానికి. నిజంగా ఫార్మాట్ చేయాలనుకున్నవాళ్లకు అది ఎక్కడ ఉంటుందో తెలుసు, వాళ్లు వెళ్లి చేసుకుంటారు. ఈ లేఖలో మిగతావన్నీ పక్కన పెట్టినా ఇది ఒక్కటి చేయండి. ఆ వాక్యాన్ని తెలుగు సహా అన్ని భాషల్లో, ఇంటర్ చదివిన మనిషికి అర్థమయ్యేలా రాయండి.

2. అడగకుండా డిస్కు వెర్షన్ మార్చవద్దు. రీఎఫ్‌ఎస్ కానీ, ఇంకేదైనా కానీ, తగిలించగానే మారిపోయే పద్ధతి ఆపండి. మొదట చదవడానికి మాత్రమే తెరవండి. మార్చాల్సి వస్తే, ఆ తర్వాత ఏ ఏ వెర్షన్‌లలో తెరుచుకోదో పేర్లతో చెప్పి అనుమతి అడగండి. బయటి నుంచి తగిలించే డిస్కుల విషయంలో దీనికి మినహాయింపు ఉండకూడదు.

3. ఫార్మాట్ విండోలో నిజం రాయండి. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఏపీఎఫ్‌ఎస్ అని పేర్లిస్తే మామూలు మనిషికి ఏం తెలుస్తుంది? ఒక్కోదాని కింద, ఏ వెర్షన్ నుంచి చదవగలరో, ఒక్క ఫైలు ఎంత పెద్దది పడుతుందో రెండు ముక్కలు రాయండి. మాస్టారి మనవడికి ఆ రెండు ముక్కలు కనిపించి ఉంటే, ఆ ఒక్క వీడియో వేరే దాంట్లో పెట్టి, మిగతావి ఫ్యాట్32లోనే ఇచ్చేవాడు.

4. కొత్త ఫైల్ సిస్టమ్ తెచ్చిన ప్రతిసారీ, వెనకటి వెర్షన్‌లకు చదవడానికి మాత్రమే పనికొచ్చే రీడర్ ఇవ్వండి. సపోర్ట్ ముగిశాక కూడా ఆ డౌన్‌లోడ్ మీ సైట్లోనే, సులువుగా దొరికే చోట ఉండాలి. మీ దగ్గర దొరక్కపోతే జనం ఎక్కడెక్కడి సైట్ల నుంచో తెచ్చి వేసుకుంటారు, వాటితో వైరస్‌లు వస్తాయి. ఆ తర్వాత అవీ మా షాపుకే వస్తాయి.

5. ఫైల్ సిస్టమ్ వివరాలు పూర్తిగా బయటపెట్టండి. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్ ప్రచురించాక, ఆ ఏడాదే లినక్స్ కెర్నల్‌లోకి దాని డ్రైవర్ వచ్చేసింది. యాపిల్ 2018లో ఏపీఎఫ్‌ఎస్ పత్రం ఇచ్చింది. మంచి పనులు. ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993 నాటిది, దాని పూర్తి వివరాలు ఇప్పటికీ అధికారికంగా లేవు. రీఎఫ్‌ఎస్‌ది కూడా అంతే. మీరు పాత వెర్షన్‌లకు రీడర్ రాయలేకపోతే, రాయగలిగినవాళ్లను రాయనివ్వండి.

ఇది చదువుతున్న మామూలు జనానికి కూడా ఒక మాట చెప్పాలి. మీ డిస్కు పెట్టగానే ఏ కంప్యూటర్ అయినా ఫార్మాట్ చేయమంటే, కాదు నొక్కి డిస్కు బయటకు తీయండి. దాన్ని నింపిన కంప్యూటర్‌లోనే మళ్లీ పెట్టి చూడండి. అక్కడ తెరుచుకుంటే డిస్కు బాగానే ఉన్నట్టు. ఒకవేళ ఇప్పటికే అవును నొక్కి ఉంటే, దాని మీద ఇంకేమీ ఎక్కించకుండా తెలిసినవాళ్లకు చూపించండి.

ఇంజనీర్లారా, ఈ ఐదింటిలో ఏది చేస్తారో, ఏ వెర్షన్ నుంచి చేస్తారో, చేయలేనిది ఏదైనా ఉంటే ఎందుకు చేయలేరో జవాబు ఇవ్వండి. అది మెషీన్ పంపిన ధన్యవాదాలు కాకుండా, పేరు, హోదా ఉన్న మనిషి రాసిన జవాబు కావాలి. తెలుగులో అయినా, ఇంగ్లీషులో అయినా ఫర్వాలేదు. వచ్చిన జవాబును మా ఊరి డీటీపీ సెంటర్లలో, స్టూడియోల్లో నేనే ప్రింట్ తీసి అంటిస్తాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సర్వీస్ టెక్నీషియన్,
రాజమహేంద్రవరం